రాబందు మూత్రపిండం నుంచి జిల్లా మరణాల లెక్క దాకా

ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాలను, ప్రపంచ సుస్థిరాభివృద్ధిని కలిపి ఒకే డిగ్రీగా చదివానని చెప్పినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది ఉద్యోగం సంగతి. రెండోది, ఆ రెండింటిలో అసలు సబ్జెక్టు ఏదని. ఉద్యోగం గురించి నాకు తెలిసినంత మేరకు చివర్లో చెబుతాను. నా చేత ఇది రాయిస్తున్నది మాత్రం రెండో ప్రశ్నే. ఒక మనిషికి ఒక శాస్త్రమే సొంతమవుతుందని, రెండోది ఎప్పటికీ పక్కవాయిద్యంగానే ఉండిపోతుందని మన చదువుల పద్ధతి చిన్నప్పుడే మనలో నాటిన నమ్మకం ఆ ప్రశ్న వెనక ఉంది.

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే మన పిల్లలు ఏదో ఒక గ్రూపులో చేరిపోతారు. బైపీసీ తీసుకున్నవారికి ఆ తర్వాత అర్థశాస్త్రంతో పని పడదు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్నవారికి కణం, జన్యువు, బ్యాక్టీరియా అక్కడితో ముగిసిపోతాయి. నేనూ బైపీసీ నుంచి వచ్చినదాన్నే. నీట్ ర్యాంకు తప్ప వేరే దారి లేదన్నట్టుండే వాతావరణంలో రెండేళ్ళు చదివాక, జీవశాస్త్రం ఆస్పత్రి గోడల బయట కూడా మనుషుల బతుకులను నిర్ణయిస్తుందని, అందులో ధరలకు, చట్టాలకు, ఎవరి ఊరి పక్కన ఏ వాగు పారుతుందన్న విషయానికి కూడా పాత్ర ఉంటుందని ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది?

వార్విక్ 1965లో మొదలైన విశ్వవిద్యాలయం. పేరు వార్విక్ అయినా క్యాంపస్ ఉన్నది కోవెంట్రీ నగరం అంచున. జీవశాస్త్రాల విభాగం క్యాంపస్‌కు దక్షిణం కొసన గిబ్బెట్ హిల్ అనే చోట ఉంటుంది. సుస్థిరాభివృద్ధి తరగతులు మాకు ప్రధాన క్యాంపస్‌లోని రాంఫాల్ భవనంలో జరిగేవి. ఆ భవనానికి పేరు ఇచ్చిన శ్రీదత్ రాంఫాల్ గయానాలో పుట్టిన భారత సంతతి మనిషి. కామన్వెల్త్ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు, తర్వాత ఈ విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా ఉన్నారు. అంతకన్నా ముఖ్యంగా, భావి తరాల అవసరాలను దెబ్బతీయకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో నిర్వచించిన ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్‌లో ఆయన సభ్యులు. నేను అక్కడ చేరిన చాలా కాలానికి గాని ఈ సంగతి నాకు తెలియలేదు; తెలిశాక మాత్రం ఆ భవనం మెట్లెక్కడం మరింత ఇష్టంగా ఉండేది.

డిగ్రీ పేరు బీఏఎస్సీ, అంటే ఆర్ట్స్, సైన్స్ రెండూ కలిసిన పట్టా. మొదటి సంవత్సరంలో ఒకవైపు కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, జీవావరణం వంటివి. మరోవైపు సుస్థిరాభివృద్ధికి సంబంధించిన ఆర్థిక, సామాజిక, పర్యావరణ సూత్రాలు. చెప్పుకోవడానికి ఇది సగం సగం పంపకంలా ఉంటుంది గాని, ఈ చదువులో కష్టమైనది పాఠాల బరువు కాదు. ఏది రుజువు అన్న విషయంలో రెండు విభాగాలకూ వేర్వేరు పట్టింపులు ఉంటాయి. ల్యాబ్ రిపోర్టులో కంట్రోల్ లేని ప్రయోగానికి విలువ లేదు. ఒక్క అంశాన్ని మార్చి, మిగతావన్నీ మారకుండా చూసుకుని, అప్పుడు మాట్లాడాలి. అదే వారంలో జరిగే సెమినార్‌లో ఒక దేశపు ఆహార విధానం గురించి రాయాలి. అక్కడ దేనినీ మారకుండా పట్టి ఉంచడం కుదరదు, మళ్ళీ చేసి చూద్దామంటే రెండో దేశం ఉండదు. ఈ రెండు పట్టింపులనూ ఒకే బుర్రలో పెట్టుకుని, ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చుకోవడం అలవాటయ్యేసరికి నాకు మొదటి సంవత్సరం దాదాపు గడిచిపోయింది.

అది నాకు నిజంగా అర్థమైంది రాబందుల వల్ల. రెండో సంవత్సరంలో ఒక పెద్ద వ్యాసానికి నేను ఎంచుకున్న అంశం అది, ఇప్పటికీ ఎవరైనా ఈ కోర్సు దేనికని అడిగితే నేను చెప్పేదీ అదే.

1990లలో మన దేశంలో రాబందులు కనుమరుగవడం మొదలైంది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో చెట్ల మీద మెడలు వాల్చి కూర్చున్న పక్షులను శాస్త్రజ్ఞులు గమనించారు గాని కారణం చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. ఏదో వైరస్ అనుకున్నారు. లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడి బృందం పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసినప్పుడు వాటి కాలేయం మీద, గుండె పొర మీద సున్నం పూసినట్టు తెల్లటి పదార్థం పేరుకుని కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. పక్షులు శరీరంలోని నైట్రోజన్ వ్యర్థాన్ని మనలా యూరియాగా కాకుండా యూరిక్ ఆమ్లంగా బయటికి పంపుతాయి. మూత్రపిండం పాడైతే అది రక్తంలో పెరిగి, అవయవాల మీద స్ఫటికాలుగా దిగుతుంది. మూత్రపిండాన్ని పాడు చేసింది డైక్లోఫెనాక్ అని, మన ఇళ్ళలో ఒళ్ళు నొప్పులకు వాడే మందే పశువులకూ ఇస్తే, ఆ పశువు చనిపోయాక దాని మాంసం తిన్న రాబందు కొద్ది రోజుల్లో చనిపోతోందని 2004లో ఆ బృందం నిరూపించింది. ఆ స్థాయిలో రాబందులు తగ్గిపోవడానికి వందలో ఒక్క కళేబరంలో మందు ఉన్నా చాలునని అదే ఏడాది వచ్చిన మరో లెక్క తేల్చింది.

జీవశాస్త్రం మాత్రమే చదివినవాళ్ళకు కథ ఇక్కడితో పూర్తవుతుంది. అది చాలా గొప్ప కథ కూడా. కానీ నా వ్యాసం చూడాల్సిన రెండో విభాగపు అధ్యాపకులు మొదట అడిగిన ప్రశ్న, ఆ మందు అప్పుడే ఎందుకు అంతగా వాడారని. పేటెంట్ గడువు తీరాక చవకగా తయారుచేసే కంపెనీలు రావడంతో 1990ల మొదట్లో దాని ధర బాగా పడిపోయింది. ఒక్క గేదె మీద ఆధారపడిన రైతుకు, నొప్పితో మేత మానేసిన పశువును మర్నాటికి లేపి నిలబెట్టే చవక మందు దొరికింది. ఆ రైతును తప్పుపట్టి రాసే వ్యాసం ఏదీ నిజాయితీ గలది కాదు. రెండో ప్రశ్న, రాబందులు పోతే మనుషులకు ఏమైందని.

దీనికి జవాబు 2024లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పత్రికలో అచ్చయిన ఒక పరిశోధనలో ఉంది. రాసింది ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్. ఇద్దరిలో సుదర్శన్ వార్విక్ ఆర్థికశాస్త్ర విభాగంలోనే ఉన్నారు. రాబందులు బతకడానికి అనువైన జిల్లాలను, అంతగా అనువుకాని జిల్లాలను తీసుకుని, పశువులకు డైక్లోఫెనాక్ వాడకం మొదలవక ముందు, తర్వాత మరణాల రేటు ఎలా మారిందో వారు పోల్చారు. మందు రాకముందు రెండు రకాల జిల్లాలూ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. వచ్చాక, రాబందులు ఉండే జిల్లాల్లో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు ఐదేళ్ళలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయి ఉంటారని వారి అంచనా. కుళ్ళిన కళేబరాలు నీళ్ళలోకి చేరాయి, వాటిని తిని ఊరకుక్కలు పెరిగాయి, రేబీస్ టీకాల అమ్మకాలు పెరిగాయి.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఈ రెండు పరిశోధనల్లో ఏ ఒక్కటీ రెండోది లేకుండా నిలబడదు. ఓక్స్ పరిశోధన చదివినవాళ్ళకు మనుషుల మరణాల సంగతి తెలియదు. ఫ్రాంక్, సుదర్శన్‌ల పట్టికలు మాత్రమే చూస్తే, జిల్లాల మధ్య తేడాకు వేరే కారణాలు వంద ఉండవచ్చని ఎవరైనా అనుమానించవచ్చు. ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చేది మూత్రపిండంలో ఏమి జరిగిందన్న జీవశాస్త్రమే.

చట్టం సంగతి వచ్చినప్పుడు ఇది ఇంకా స్పష్టమవుతుంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. అయితే మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడటం ఆగలేదు కాబట్టి 2015లో ఇంజెక్షన్ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది. ఈలోగా ఎసిక్లోఫెనాక్ అనే మరో మందు పశువైద్యంలో చలామణీలో ఉంది. పశువు శరీరంలోకి వెళ్ళాక ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది! అంటే నిషేధించిన మందే వేరే పేరుతో రాబందు కడుపులోకి చేరుతూ వచ్చింది. దానిని, కీటోప్రొఫెన్ అనే మరో నొప్పి మందును పశువులకు వాడకుండా నిషేధించింది 2023లో. మందు పేరు చూసి చట్టం రాసేవారి పక్కన, ఆ మందు కాలేయంలో ఏమవుతుందో తెలిసినవారు ఉండి ఉంటే ఈ పదిహేడేళ్ళలో కొంతైనా మిగిలేదని నేను గట్టిగా నమ్ముతాను. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే నొప్పి మందు చవకగా దొరికేలా చూడటం కూడా నిషేధమంత అవసరమే. గేదె నొప్పి తీరే దారి మూసేసి రైతును చట్టం పాటించమనడం న్యాయం కాదు.

సంగారెడ్డి జిల్లాలో పెరిగినదాన్ని కాబట్టి రెండో ఉదాహరణ నాకు మరీ దగ్గరిది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టుపక్కల వాగుల నీటి రంగు, వాసన గురించి మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను గాని, ఆ ఊరి పేరు ప్రపంచమంతటి యాంటీబయాటిక్ నిరోధకత (మందును బ్యాక్టీరియా తట్టుకోవడం) పాఠాల్లో ఉంటుందని కోవెంట్రీ వెళ్ళాకే తెలిసింది. స్వీడన్‌కు చెందిన జోకిం లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల వరకు ఉంది. కొన్ని బ్యాక్టీరియాలను చంపడానికి చాలిన మోతాదుకు ఇది వెయ్యి రెట్ల పైమాటే.

ఆ అంకె కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది శుద్ధి జరిగే తీరు. ఇలాంటి కేంద్రాల్లో మురికిని తినేది బ్యాక్టీరియాయే. ఆ పని చురుగ్గా సాగాలని పారిశ్రామిక వ్యర్థంలో మనుషుల మురుగునీటిని కూడా కలుపుతారు. మనిషి పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ నిండిన నీరు ఒకే తొట్టిలో రోజుల తరబడి ఉంటే, తట్టుకోగలిగినవే మిగులుతాయి. మిగిలినవి ఊరుకోవు, నిరోధక జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. ప్లాస్మిడ్ గురించి ఇంటర్ పుస్తకంలో నాలుగు వాక్యాలు చదివి మార్కులు తెచ్చుకున్నాను. అది మా జిల్లా వాగుల్లో ఏం చేస్తోందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

దీన్ని సుస్థిరాభివృద్ధి తరగతిలో చర్చకు పెట్టినప్పుడు చిక్కు ముడులు బయటపడ్డాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందు. హైదరాబాద్ చుట్టూ చవకగా తయారవడం వల్లే అది ఎన్నో పేద దేశాల ఆస్పత్రులకు అందుతోంది. ఆరోగ్యం, శుభ్రమైన నీరు, ఉపాధి, బాధ్యతగల ఉత్పత్తి: ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో కనీసం నాలుగు ఈ ఒక్క తొట్టి దగ్గర ఒకదానితో ఒకటి గొడవ పడతాయి. యాంటీబయాటిక్ నిరోధకత వల్ల 2019లో నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా ఉన్నా, 2015లో రాసుకున్న 169 ఉపలక్ష్యాల్లో దానికంటూ ఒక్కటీ లేదు; 2020లో దాన్ని కొలిచే ఒక సూచికను మాత్రం చేర్చారు. మన పర్యావరణ మంత్రిత్వ శాఖ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో మార్గదర్శకాలు విడుదల చేసింది 2024 సెప్టెంబరులో. తక్కువ ధరకు మందు కొనే దేశాలు కూడా ఈ కాలుష్యంలో భాగస్వాములే కాబట్టి, నార్వే, స్వీడన్ వంటివి కొనుగోలు టెండర్లలో పర్యావరణ షరతులు చేర్చడం నాకు సరైన దిశగా కనిపిస్తుంది. భారం మొత్తం ఒక్క వాగు మీద, దాని ఒడ్డున ఉన్న ఊళ్ళ మీద మోపడం ఎంతమాత్రం సరికాదు.

ఇంత పెద్ద విషయాల మధ్య నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు మాత్రం ఒక చల్లటి గది. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర వెల్స్‌బోర్న్‌లో విశ్వవిద్యాలయానికి వ్యవసాయ క్షేత్రం ఉంది. బ్రిటన్ కూరగాయల జన్యు బ్యాంకు అక్కడే ఉంది. క్యాబేజీ, ఉల్లి, క్యారెట్, లెట్యూస్ వంటి పంటల, వాటి అడవి బంధువుల విత్తనాలు సుమారు 14,000 నమూనాలు రేకు సంచుల్లో మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంటాయి. విత్తనాన్ని అలాగే చల్లబరిస్తే లోపలి నీరు గడ్డకట్టి కణాలు చిట్లుతాయి కాబట్టి ముందు మెల్లగా ఆరబెడతారు. తర్వాత కొన్నేళ్ళకోసారి కొన్ని గింజలు తీసి తడి కాగితం మీద వరుసగా పేర్చి, ఎన్ని మొలిచాయో లెక్కిస్తారు. ఆ లెక్క చూస్తున్నప్పుడు ఒక ముల్లంగి గింజ పొట్టు చీల్చుకుని తెల్లటి వేరుమొలక బయటికి రావడం, దాని చుట్టూ నూగులాంటి వేరు కేశాలు ఉండటం చాలా దగ్గరగా చూశాను. మొలక శాతం తగ్గితే ఆ రకాన్ని మళ్ళీ పొలంలో వేసి కొత్త విత్తనం తీయాలి. వేరే రకం పుప్పొడి కలవకుండా వలల గదుల్లో ఈగలను వదిలి పరాగసంపర్కం చేయిస్తారు.

ఈ బ్యాంకు 1980లో మొదలవడానికి డబ్బు సాయం చేసింది ఆక్స్‌ఫామ్, కరువు బాధితుల కోసం 1942లో పుట్టిన స్వచ్ఛంద సంస్థ. ఆకలి తీర్చే పని చేసేవారు ఇంగ్లండ్‌లో ఒక విత్తనాల గదికి ఎందుకు డబ్బు పెట్టారో ఆలోచిస్తే, నా డిగ్రీ రెండు సగాలూ అక్కడ కలిసిపోయి కనిపిస్తాయి. ప్రతి సంచికీ ఆ విత్తనం ఏ దేశంలో, ఏ ఊళ్ళో సేకరించారో తెలిపే వివరాలు ఉంటాయి. దాన్నుంచి ఒక కంపెనీ తెగులు తట్టుకునే రకాన్ని తయారుచేసి అమ్ముకుంటే, తరతరాలుగా ఆ విత్తనాన్ని కాపాడిన ఊరికి ఏం వస్తుంది? 2001 నాటి అంతర్జాతీయ మొక్కల జన్యు వనరుల ఒప్పందం, 2010 నాటి నగోయా ప్రోటోకాల్ ఈ ప్రశ్నకే జవాబు వెతుకుతాయి. మా పటాన్‌చెరులోనే 1972 నుంచి ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి; అంటే ఒకే ఊరి పేరు నా చదువులో రెండుసార్లు, పూర్తిగా వేర్వేరు కారణాలతో వచ్చింది.

కోర్సులో నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి. ల్యాబ్‌లో గడిపే గంటలు జీవశాస్త్రం ఒక్కటే చదివే వారికన్నా తక్కువ. పరమాణు జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని ముందే నిశ్చయించుకున్నవారు వేసవిలో ల్యాబ్ పని వెతుక్కోక తప్పదు. సుస్థిరాభివృద్ధి వైపు ప్రమాదం వేరు. లక్ష్యాల రంగురంగుల బొమ్మలు పెట్టి, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని రాసేస్తే ఒక పేజీ నిండుతుంది. ఎక్కడ, ఏ అణువు ద్వారా, ఎవరి ఖర్చుతో ముడిపడ్డాయో చెప్పకపోతే ఆ పేజీకి అర్థం లేదు. అందుకే ఈ రెంటిలో జీవశాస్త్రాన్ని లోతుగా చదవమని, గణాంకశాస్త్రాన్ని అంతకన్నా శ్రద్ధగా నేర్చుకోమని జూనియర్లకు చెబుతుంటాను. రెండు విభాగాల మధ్య నిజమైన వారధి అదే. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొలకల శాతాన్ని విశ్లేషించడం వచ్చినవారికి జిల్లాల మరణాల పట్టిక చదవడమూ వస్తుంది.

ఇక ఉద్యోగం. ఈ పట్టాకు ఇంజనీరింగ్‌లా ఒక నిర్ణీత కొలువు లేదు. నాతో చదివినవారు ప్రజారోగ్యం, పర్యావరణ నియంత్రణ, ఆహార కంపెనీల నాణ్యతా విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, పైచదువులు అంటూ తలో దిక్కుకు వెళ్ళారు. విదేశీ విద్యార్థుల ఫీజు చాలా ఎక్కువ. పొలం తాకట్టు పెట్టి, డిగ్రీ చేతికి రాగానే జీతం మొదలవ్వాలనే లెక్కతో వచ్చేవారికి నేను ఈ కోర్సు చెప్పను. అలాంటివారికి మన దగ్గరే దారి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత జంతుశాస్త్రం మేజర్‌గా, అర్థశాస్త్రం మైనర్‌గా చదవడానికి సూత్రరీత్యా అడ్డు లేదు; మీ కాలేజీ ఆ జతను నిజంగా నడుపుతుందో లేదో చేరకముందే అడగండి. విదేశానికి వెళ్ళగలిగినవారు ఆన్‌లైన్ పరిచయ సభల్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చివరి సంవత్సరపు పరిశోధనకు రెండు విభాగాల నుంచీ చెరొక గైడ్ దొరుకుతారా అని. జవాబు సూటిగా రాకపోతే, అక్కడ రెండు సబ్జెక్టులు పక్కపక్కన ఉన్నాయే గాని కలిసి లేవని అనుకోవచ్చు.